గోడ దాటిన గుమ్మడి

"తీగ గోడెక్కుతున్నది. ఇయ్యాల జర ఇటు మళ్లియ్యి దాన్ని. అన్న దిక్కు పోతే మల్ల లొల్లి."

"ఎక్కనియ్యి. గోడకేమన్న నొప్పా? నువ్వు పొయ్యిరా."

మా ఇంటాయనా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని గేటు గొళ్లెం తీస్తూ ఆయన అన్నాడు. నేను బీరపాదు దగ్గర కూర్చుని కలుపు తీస్తూ, తలెత్తకుండానే జవాబిచ్చాను. పొయ్యిరా అన్నాను. పోయాడు, రాలేదు.

చివరి మాటలంటే చాలామంది పెద్ద పెద్దవి చెబుతారు. నాకు మిగిలింది తీగ సంగతి. అందులో నాకేం చిన్నతనం లేదు. ఇంకో మంచి మాట అని ఉండాల్సింది అని నేను ఏనాడూ ఏడవలేదు. రోజూ మాట్లాడుకునే ఆలుమగలు రోజూ మాట్లాడుకునేదే మాట్లాడుకుంటారు. చావు వస్తుందని ముందే తెలిసి మాటలు కూడబెట్టుకుంటారా ఎవరైనా?

నేను చెబుతుంటే రాస్తున్నది మా బావ బిడ్డ. బావ అంటే మా ఆయన అన్న. ఈ పిల్ల నన్ను చిన్నమ్మా అంటుంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతకు మించి రాదు. నేను మాట్లాడినట్టే రాస్తే చదివేవాళ్లకు కష్టమవుతుందట. సరే బిడ్డా, నీ బడి తెలుగులోనే రాయి అన్నాను. కానీ ఎవరు ఏమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే ఉండాలన్నాను. మీ నాయన అన్నవి కూడా. ఒప్పుకున్నాకే మొదలుపెట్టాను.

మా ఇల్లు రాయదుర్గంలో, అద్దాల బిల్డింగుల వెనక సందులో ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ ఇల్లేమిటని చూస్తారు. మేము ముందు, బిల్డింగులు తర్వాత. మా మామ ఉన్నప్పుడు ఆ అద్దాలున్న చోట జొన్నచేను ఉండేది, బండల నడుమ కందులు వేసేవాళ్లు. ఆ భూమి పోయింది. ఎట్లా పోయిందో చెప్పడానికి నేను ఇప్పుడు కూర్చోలేదు. ఇల్లూ, ఇంటి వెనక కొంచెం జాగా మిగిలాయి. అన్నదమ్ములు నడుమ గోడ కట్టుకుని ఆ జాగాను పంచుకున్నారు. బావ తన సగంలో రేకుల షెడ్డు వేసి కిరాయికిచ్చాడు. మా ఆయన తన సగాన్ని మట్టిగానే ఉంచాడు.

ఆయనకు ఆ అద్దాల బిల్డింగులోనే పని, ముందున్న గడ్డికి నీళ్లు పట్టడం, కత్తిరించడం. "బర్రె తినదు, మనిషి తినడు, దానికేమో గింత సేవ" అని నవ్వేవాడు. ఇంటికి రాగానే చొక్కా తీసి కొయ్యకు తగిలించి, చాయ్ కూడా తాగకుండా వెనక్కి పోయేవాడు. మా తోట అక్కడ ఉంది.

తోట అంటే ఏదో అనుకునేరు. నేలంతా మొరం. గడ్డపార వేస్తే నిప్పులు రాలేవి. రాళ్లు ఏరి గోడ పక్కన పేర్చాం, సందు చివర బర్రెలున్న ఇంటి నుంచి పేడ మోసుకొచ్చాం, బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు అన్నీ దానికే తినిపించాం. ఏళ్లు గడిచాక ఆ మొరం నల్లబడింది. ఒకనాడు నేను పిడికెడు మట్టి తీసి పిసికితే ముద్దయింది. మా ఆయనను పిలిచి చూపించాను. ఇద్దరం దాన్ని చేతులు మార్చుకుంటూ చూశాం, ఎవరికో బిడ్డ పుడితే చూసినట్టు. ఆ సంతోషం ఎవరికి చెబితే అర్థమవుతుంది?

పాత రంగు డబ్బాల్లో పచ్చిమిర్చి పెట్టాం. ఏదో కంపెనీ పారేసిన చక్రాల కుర్చీ మీద కొత్తిమీర తొట్టి పెట్టాం. ఎదురుగా బిల్డింగు లేచాక పొద్దుటి ఎండ మాకు ఆలస్యంగా వచ్చేది. అందుకని ఎండ ఎటుంటే కుర్చీని అటు తోసేదాన్ని. ఆఫీసరు కూర్చునే కుర్చీలో కొత్తిమీర కూర్చుని ఊరేగేది. కానీ సాయంత్రం ఆ అద్దాలే పడమటి ఎండను పట్టి తూర్పు నుంచి మా మీదికి కొట్టేవి. ఒకే పూట రెండు పొద్దులు! టమాటాలు మాడిపోయాయి, బెండ మాత్రం ఎగబడి కాసింది. బిల్డింగు మా ఎండ దొంగిలించి సగం తిరిగి ఇచ్చింది, ఆ సగంతోనే బెండకాయలు తిన్నాం.

తోట మొదట్లో పుంటికూర, అదే గోంగూర, నడుమ వంకాయ, గోడ పక్క బీర, చిక్కుడు. గేటు నుంచి బాయిదాకా బంతి, గునుగు. బాయి ఎండిపోయింది, పేరు మిగిలింది. బంతి ఎందుకంటే పురుగు కూరగాయల దాకా రాదు. ఇంకో ఎందుకు కూడా ఉంది. పొద్దున లేచి తలుపు తీస్తే పసుపు కనిపించాలి నాకు. దానికి కారణం అడిగితే చెప్పను.

ఆ ఏడాది తొలకరికి మా ఆయన గుమ్మడి గింజలు పెట్టాడు. వాళ్ల మేనత్త ఊరి నుంచి తెచ్చినవి, తియ్య గుమ్మడి. అది తాచుపాములా పాకింది. పొద్దున్నే పూలు విచ్చుకునేసరికి మేమిద్దరం అక్కడ ఉండాలి. ఎండెక్కితే ముడుచుకుంటాయి. మా దగ్గర తేనెటీగలు తగ్గాయి, అద్దాలకు కొట్టుకుని చస్తాయో ఏమో. అందుకని మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, దాని పుప్పొడిని ఆడపువ్వుకు అద్దాలి. ఏ పువ్వు కింద చిన్న ఉండ ఉంటే అది ఆడది. తీగ నిండా మగపూలే విరగబూసేవి.

"సూడు, ఊరి నిండ మొగోళ్లే. కాసేటిది ఒక్కటన్న ఉన్నదా?" అనేదాన్ని.

"మేం లేకుంటె మీరెట్ల కాస్తరే?" అనేవాడు.

"ఒక్కడు సాలు. మిగిలినోళ్లను శనగపిండిల ముంచి బజ్జీలు ఏస్త."

నిజంగానే వేసేదాన్ని. గుమ్మడిపూల బజ్జీ వేడివేడిగా తింటే దాని రుచి వేరు.

ఆయన పోయింది ఆ గడ్డి మీదే. నీళ్ల పైపు చేతిలో ఉండగా కూలబడ్డాడట. గుండె ఆగిందన్నారు దవాఖానలో. ఇంటికి తెచ్చినప్పుడు ఆయన పాదాలకు తడిగడ్డి అంటుకుని ఉంది. నేనే తుడిచాను.

దినాలు చేశారు. తలలో పూలు తీసేశారు, గాజులు తీసేశారు, చుట్టాలు వరసగా వచ్చి ఇక నువ్వు ఏమేమి చేయకూడదో చెప్పి పోయారు. అదంతా నేను గోడకానుకుని విన్నాను. పూలు తలలో పెట్టుకోవద్దన్నారు. పెంచొద్దని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సంగతి మరచిపోయినట్టున్నారు.

జనం తగ్గాక వెనక్కి వెళ్లి చూస్తే తీగ గోడ దాటింది. ఆయన మళ్లించమన్న తీగ. దాటి బావ షెడ్డు రేకుల మీదికి పోయి, అక్కడ పిందె వేసింది. నా బొటనవేలంత కూడా లేదు, దాని కొన పువ్వు ఇంకా విచ్చుకోలేదు. ఎండకు రేకులు కాలుతాయి, పిందె ఉడికిపోతుంది అనుకున్నాను. నిచ్చెన వేసి చూస్తే ఎవరో దాని కింద పాత చీర పీలికలు చుట్టి కుదురు పెట్టారు. మా అక్క పని. అక్క అంటే బావ పెళ్లాం, నా యారాలు, ఈ రాసే పిల్ల తల్లి. గోడ కట్టిన దగ్గర్నుంచీ మొగుడికి తెలియకుండా ఆ గోడ మీదుగా నాకు ఏదో ఒకటి అందిస్తూనే ఉంది. మర్నాడు పొద్దున పువ్వు విచ్చుకుంటే మళ్లీ నిచ్చెన ఎక్కి నేనే పుప్పొడి అద్దాను.

అదే వారం బావ ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. కంపెనీలకు కార్లు తిప్పే మనిషి. కార్లు నిలబెట్టుకోవడానికి జాగా కావాలట. గోడ తీసేసి రెండు సగాలూ కలిపి, సిమెంటు పోసి కిరాయికిస్తానని బావ ఆలోచన. నన్ను అడగలేదు. నా పాదుల మధ్య నిలబడి చెయ్యి చాపి అది ఇంత దూరం, ఇది ఇంత దూరం అని చూపిస్తున్నాడు. చూపిస్తూ చూపిస్తూ వేలు తీసుకెళ్లి ఇటు పక్క తీగకున్న గుమ్మడి పిందె మీద పెట్టాడు.

"బావా! వేలు వెట్టి సూపకు! పిందె కుళ్లిపోతది."

వేలు మడిచి చూపాలి పిందెను. చిన్నపిల్లలకు కూడా తెలుసు మా దగ్గర. బావ గబుక్కున వేలు ముడుచుకున్నాడు. అంత పెద్ద మనిషి, ముడుచుకున్నాడు! కార్లాయనకు ఏం అర్థం కాలేదు.

"సూడమ్మ," అన్నాడు బావ, "మొగ దిక్కు లేని ఇంట్ల గీ తోటలెందుకు నీకు? పిల్లలా జెల్లలా? నెల నెల కిరాయి వస్తది, కూసుండి తిను."

"నేను కూసుండలేను బావా. నడుములు పడతయి."

"నవ్వులాట కాదమ్మ. రేపు ఏదన్న అయితే ఎవరున్నరు నీకు? గుమ్మడికాయ కాసిందనుకో, కొట్టనీకన్న ఒక మొగోడు గావాలె గదా ఇంట్ల."

కార్లాయన నవ్వాడు. అది నవ్వులాట మాట కాదు. మాలో ఆడది గుమ్మడికాయకు మొదటి కత్తి పెట్టదు. మగవాడు కొట్టి రెండు చేసి ఇచ్చాక ముక్కలు తరుక్కుంటాం, వండుతాం. పెడితే ఇంట్లో మగపిల్లలకు కీడని మా అమ్మ చెప్పింది, వాళ్లమ్మ ఆమెకు చెప్పింది. మా ఆయన ఉన్నన్నాళ్లూ కాయ నేల మీద పెట్టి ఒక్క వేటు వేసి "ఇగ నీ ఇష్టం" అని పోయేవాడు. నేను దాని గురించి ఏనాడూ ఆలోచించలేదు. ఆ పూట ఆలోచించాను. జాగా ఉంచుకోవాలంటే మగవాడు కావాలి, ఎందుకంటే గుమ్మడికాయ కోయాలంటే మగవాడు కావాలి. ఇదీ లెక్క!

"జాగ ఇయ్య," అన్నాను.

"ఆలోచించుకో. దసరా పోయినంక పని మొదలుపెడతమని మాటిచ్చిన," అన్నాడు. ఎవరి జాగాకు ఎవరు మాటిచ్చారు!

ఇక అప్పుడే సమ్మె మొదలైంది. తెలంగాణ కోసం బస్సులు ఆగాయి, బళ్లు ఆగాయి, బొగ్గు ఆగింది, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కూరగాయల బండ్లు సందులోకి రావడం మానేశాయి. అప్పుడు తెలిసింది నా తోట విలువ. రోజూ ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని గేటు దగ్గర. నేను పుంటికూర కోసి ఇచ్చాను, వంకాయలు ఇచ్చాను, ఒద్దన్నవాళ్లకు కూడా ఇచ్చాను. అద్దాల బిల్డింగుల్లో అన్నీ ఉన్నాయి గానీ తోటకూర కట్ట లేదు కదా! నాకు గర్వంగా ఉండేది. ఎందుకు ఉండకూడదు?

బతుకమ్మ పండుగ దగ్గరపడ్డాక పూలకూ వచ్చారు. గునుగు, బంతి కళకళలాడుతున్నాయి. వచ్చినవాళ్లు నా ముఖం చూసి, పక్కకు చూసి, "నువ్వొద్దు గాని అక్కా, నీ బావ బిడ్డను తెంపమను" అన్నారు. చెట్టు నాదే, నీళ్లు నావే, తెంపేది మాత్రం వేరే చెయ్యి కావాలట.

"నా పూలు నా చేతినుంచే పోతయి. గావాలంటె తీసుకపోండ్రి, లేకుంటె చెట్టుకే ఉంటయి," అన్నాను.

కొందరు పోయారు. కొందరు కాసేపు నిలబడి కొంగు పట్టారు. నేను తెంపిన పూలతో పేర్చిన బతుకమ్మ మిగతా వాటిలాగే నిలబడింది, చెరువులో మిగతా వాటిలాగే తేలింది.

ఆ రోజుల్లోనే ఇటు పక్క తీగకు ఒక చిన్న గుమ్మడికాయ పండింది. మా ముందు గదిలో కిరాయికి ఉన్నది ఒక నర్సమ్మ, కోస్తా నుంచి వచ్చినవాళ్లు, ఆదివారం చర్చికి పోతారు. ఆంధ్రావాళ్లకు ఇల్లిచ్చావేమని సందులో కొందరు గొణిగారు గానీ, నాకు జ్వరం వస్తే చెయ్యి పట్టి చూసేది ఆమే, గొణిగినవాళ్లు కాదు. నేను కాయను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూసింది.

"ఇటివ్వండి పిన్నిగారూ, మా వారు డ్యూటీ నుంచి వచ్చాక కోసిపెడతారు."

"నువ్వే కొయ్యొచ్చు గదమ్మ. మీకు గియన్ని ఉండయి గద."

"అయ్యో, ఎందుకు లేవండి? మా అమ్మమ్మ చేతులు విరగ్గొడుతుంది. ప్రభువునే నమ్ముకున్నాం కానీ పిన్నిగారూ, గుమ్మడికాయ దగ్గర మాత్రం భయమేనండి."

నేను నవ్వాను. ఆయన పోయాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. రాష్ట్రాన్ని రెండు ముక్కలు చెయ్యాలని ఇటువాళ్లు, వద్దని అటువాళ్లు కొట్లాడుతున్నారు. గుమ్మడికాయను ఆడది ముక్కలు చెయ్యొద్దనే దగ్గర మాత్రం అందరూ ఒక్కటే! ఆ కాయను వాళ్లాయనతో కోయించలేదు. అట్లాగే అటక మీద పెట్టాను. మొగుణ్ణి కిరాయికి తెచ్చుకునే అవసరం నాకేముంది?

ఇక అసలు రోజు. పెద్ద రోడ్డు మీద వంటావార్పు అని పిలుపొచ్చింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తినడం. బండ్లు ఆగాలి, బిల్డింగుల్లోవాళ్లు చూడాలి, అదీ ఉద్యమం. మా సందుకు బావే పెద్ద. మెడలో కండువా, గొంతులో గరగర. ఆ పొద్దున గోడ అవతల నిచ్చెన చప్పుడైంది.

"పెద్ద కాయ తీస్తున్న, వంటకు," అని అరిచాడు.

"నా తీగది," అన్నాను.

"నా రేకుల మీద కాసింది."

"వేరు యాడున్నది బావా?"

నిచ్చెన దిగిన చప్పుడైంది. తర్వాత, "ఉద్యమానికి గుమ్మడికాయ ఇయ్య బుద్ధి గాదా?" అన్నాడు.

"ఎందుకియ్య? తెలంగాణ నాకు గూడ గావాలె. నా కాయ నేనే మోసుకొస్త."

"మోసుకరా. కొట్టనీకి ఎట్లైన నేనే గావాలె గద," అని నవ్వాడు.

నెత్తిన బట్ట చుట్ట పెట్టుకుని మోశాను ఆ కాయను. గంగాళమంత ఉంది. మెడ దిగబడిపోయింది, అయినా దించలేదు. రోడ్డు మధ్య మూడు బండలు పెట్టి కాగు ఎక్కించారు. పప్పు ఉడుకుతోంది. డప్పులు, పాటలు, జై తెలంగాణ. పక్కన అద్దాల్లోంచి ఫోన్లు పట్టుకుని చూస్తున్నారు. మా ఆయన నీళ్లు పట్టిన గడ్డి అక్కడికి కనిపిస్తుంది. వేరే ఎవరో దాన్ని కత్తిరిస్తున్నారు. నేను రెండోసారి అటు చూడలేదు.

పప్పు ఉడికీ ఉడకకముందే పోలీసు బండ్లు వచ్చాయి. మగవాళ్లందరినీ ఎక్కించారు. బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "మా భూమి మాకే! వంట ఆపకుండ్రి!" అని అరుస్తూ పోయాడు. ఆడవాళ్లను ముట్టుకోలేదు. మేము కాగు చుట్టూ నిలబడ్డాం. రోడ్డు మీద ఒక్కసారిగా చప్పుడు పోయింది. పప్పు తుకతుకమంటోంది.

"పప్పుచారుల గుమ్మడికాయ ఎయ్యాలె గద," అంది ఒకామె.

అందరం కాయను చూశాం. కాయ మమ్మల్ని చూసింది.

"ఎవరు కొట్టాలె?"

"మొగోళ్లు రానీ."

"ఆళ్లను రాత్రికి ఇడుస్తరో, ఎల్లుండి ఇడుస్తరో! పప్పు మాడుతది."

ఒక ముసలామె గట్టిది, కాపలాకు మిగిలిన పోలీసు దగ్గరికే పోయింది. "సారూ, నీ బాంచన్, జర గీ గుమ్మడికాయ కొట్టిపోరాదు."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నా నౌకరి తీపిస్తవా ఏందవ్వా? నేను మీ కాయ కొట్టుడు, ఎవడో ఫోటో తీసుడు! పో, పో."

"మొగోడివే గద నువ్వు?"

"డ్యూటీల ఉన్న!"

ఆడవాళ్లంతా నవ్వారు. నవ్వు ఆగాక మళ్లీ కాయ అక్కడే ఉంది. ఇంతమందిమి. రోడ్డు ఆపాం, బండ్లు ఆపాం, పోలీసులకు ఎదురు నిలబడ్డాం. ఒక కాయ ముందు చేతులు కట్టుకున్నాం. నేను కత్తి తీసుకున్నాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "వద్దే. అరిష్టం."

"ఎవరికక్కా? మొగడు పాయె. కొడుకు పుట్టనే లేదు. ఇగ ఎవరికి తాకుతది?"

అందరికీ ఆ మాట నచ్చింది. దీనికి ఎవరూ లేరు, ఇది కొయ్యొచ్చు అన్నట్టు పక్కకు జరిగారు. అక్క మాత్రం జరగలేదు. కాయ గుండ్రంగా దొర్లుతోంది, కత్తి జారుతోంది. అప్పుడు ఆమె మోకాళ్ల మీద కూర్చుని, కొడుకులను కన్న తల్లి, ఆ కాయను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నా కళ్లలోకి చూసి, "ఊఁ," అంది. అంతే.

రెండు చేతులా ఎత్తి వేశాను. మొదటి వేటుకు కత్తి ఇరుక్కుంది. కత్తితో సహా కాయను ఎత్తి రోడ్డుకు కొట్టాను. పగిలింది. ఎంత పసుపు! బంతిపూల కంటే పసుపు. గింజలు జారుతూ, తీపి వాసన, తడి వాసన, మా వెనక జాగా వాసన ఆ డాంబరు రోడ్డు మీద. ఆయన అద్దిన పుప్పొడితో కాసిన కాయ కాదది, నేను అద్దిన దానితో కాసింది. ఆయన పోయాక విచ్చుకున్న పువ్వు అది.

ఇక అందరి చేతులూ కదిలాయి. ముక్కలు తరిగారు, చారులో వేశారు, తిన్నారు. అద్దాల నుంచి దిగి వచ్చిన ఉద్యోగపు పిల్లలు కూడా విస్తరాకు పట్టుకుని నిలబడి తిన్నారు.

ఎండ వాలాక మగవాళ్లను వదిలిపెట్టారు. నడుచుకుంటూ వచ్చారు, ఆకలితో. బావ కూర్చుని పెద్ద పెద్ద ముద్దలు తిన్నాడు.

"గుమ్మడికాయ మస్తుగున్నది. ఎవరు కొట్టిన్రు?"

నేను గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నేనే," అన్నాను.

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. చేతిలోది చూశాడు, నన్ను చూశాడు, చుట్టూ చూశాడు. అందరూ చూస్తున్నారు. తర్వాత ఆ ముద్దను నోట్లో పెట్టుకున్నాడు. ఇంకేం చేస్తాడు? అప్పటికే సగం కాయ కడుపులో ఉంది.

"బావా, ఇంకో మాట," అన్నాను. "జాగ నేను ఇయ్య. గోడ తియ్య. ఆ కార్లాయనకు చెప్పు."

"రోడ్డు మీద ఇంటి ముచ్చట ఎందుకమ్మ?"

"రోడ్డు మీద భూమి ముచ్చట మాట్లాడేది నువ్వే గద. మా భూమి మాకే అని పోలీసు బండిల గూడ ఒర్లుకుంట పోతివి. నేను గదే అంటున్న. నా భూమి నాకు. నీకు గావాల్నంటే న్యాయం, నేనడిగితే తప్పా?"

డప్పు వాయించే మనిషి ఒక్క దెబ్బ వేశాడు, తెలిసి వేశాడో తెలియక వేశాడో. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. బావ చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆయన నాతో మళ్లీ మాట్లాడటానికి చాన్నాళ్లు పట్టింది. కానీ కార్లాయన రాలేదు. దసరా పోయింది, సిమెంటు రాలేదు. నేను ఆ గింజలు కడిగి, బూడిద పట్టించి ఆరబెట్టి, మరుసటి తొలకరికి గేటు పక్కనే వరసగా పెట్టాను. ఎవరైనా నా జాగాలోకి రావాలంటే ముందు వాటిని తొక్కాలి.

ఒక్క సంగతి మాత్రం నన్ను చాలారోజులు తొలిచింది. రోడ్డు మీద నేనన్న మాట, ఇగ ఎవరికి తాకుతదని. దాంతోనే కదా అందరూ ఊరుకున్నారు. ఎందుకనాలి అట్లా? నాకు ఎవరూ లేరంటే నేను కూడా లేనా? కీడు తగలడానికి నేను మనిషిని కానా? ఆ కోపం మీద ఒక పొద్దున అటక మీది చిన్న కాయ దించి, వాకిట్లో అందరూ చూస్తుండగా, ఏ సాకూ చెప్పకుండా కోశాను. ఎవరూ లేరని కోయలేదు, నాకు తినబుద్ధయింది కాబట్టి కోశాను. నర్సమ్మకు సగం పంపాను. ఆమె తీసుకుంది, "మా అమ్మమ్మకు చెప్పకండి" అని నవ్వింది వాళ్లాయనతో.

తెలంగాణ వచ్చిందని పటాకులు కాల్చిన రోజు నేను చిక్కుడుపాదుకు నీళ్లు పోస్తున్నాను. సంతోషపడ్డాను, పోయడం ఆపలేదు. బిల్డింగులు ఇంకా లేచాయి. ఇప్పుడు నాకు ఎండ ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ కుర్చీ చక్రాలు ఊడిపోతే మార్పించాను. గోడ అట్లాగే ఉంది. తీగ ఏటా దాన్ని దాటుతుంది. ఆయన చెప్పినట్టు నేను మళ్లించను. దాటితే దాటనీ.

బావ ముసలివాడయ్యాడు. గోడ అవతల నుంచి, "గుమ్మడికాయ ఉన్నదా?" అని అడుగుతాడు. ఉందంటాను. నిండు కాయ మాత్రం ఇవ్వను. సగం కోసే ఇస్తాను.

ఏమే, ఆగినవేంది? కలం కింద పెట్టినవెందుకు? అవును, మీ అమ్మనే. కాయను పట్టుకున్నది మీ అమ్మనే. మీ నాయనకు చెప్పకని నాతో ఒట్టు వేయించుకుంది, మీ అన్నదమ్ములు బడికి పోతుంటే ఎన్నాళ్లు గుండె పట్టుకుని చూసిందో నాకు తెలుసు. వాళ్లకేం కాలేదు, గుండ్రాళ్లలా ఉన్నారు. ఇన్నేళ్లకు చెప్పాను. తిడితే నన్నే తిట్టనీ. అందరూ నేను కోశాననే చెప్పుకుంటారు, ఆమె పట్టుకోకుంటే ఆ కత్తి నా కాలు మీద పడేది.

కన్ను తుడుచుకో. కాగితం తడుస్తది. మీ నాయన నోటికాడ ముద్ద ఆగిన కాడ ఏం మార్చలేదు గద? మీ అమ్మ "ఊఁ" అన్నది రాసినవా? ఏదీ, తీగ గోడెక్కుతున్నదన్న కాన్నుంచి చదువు. గట్టిగ చదువు బిడ్డా, గోడ అవతలికి ఇనపడాలె.